మాల్మ్‌స్టీన్ లాంటి గిటారిస్టులకు చరిత్రలో నిజంగా చోటుందా, లేక అదంతా వేగమేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కాలేజీ బ్యాండ్‌లో మీకూ మీ డ్రమ్మర్‌కీ వాదన వచ్చింది. అతని లెక్కలో అరవైల రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ తర్వాత ఎలక్ట్రిక్ గిటార్ చరిత్రలో చెప్పుకోదగ్గ సంగతంటూ ఏదీ జరగలేదు. ర్యాండీ రోడ్స్, ఇంగ్వే మాల్మ్‌స్టీన్, జేసన్ బెకర్ లాంటి ఎనభైల రాక్ గిటారిస్టులు బాఖ్, పగనీనీ లాంటి పాత యూరప్ శాస్త్రీయ స్వరకర్తల సంగీతాన్ని గబగబా వాయించి చూపించారు, అంతే. మీకు ఆ సంగీతమంటే ప్రాణం, కానీ ఎందుకు ముఖ్యమో చెప్పమంటే మాట రాలేదు. చివర్లో ఇంకోటి కూడా అడిగారు, ఈ రోజుల్లో ఆ పద్ధతి నేర్చుకుంటే ఉపయోగం ఉందా అని.

సూటిగా చెబుతాను. ప్రాధాన్యం ఉంది, బాగా ఉంది. కానీ ఆ ప్రాధాన్యం వేగంలో లేదు, "రాక్‌ని శాస్త్రీయ సంగీతం స్థాయికి తీసుకెళ్లారు" అనే మాటలో అసలే లేదు. రాక్ గిటార్ ఏ స్వరాలతో మాట్లాడుతుంది, దాన్ని ఎలా నేర్పుతారు, ఎలా సాధన చేస్తారు అనే మూడు విషయాలనూ వాళ్లు మార్చేశారు. ఆ మార్పు ఇవాళ వాళ్ల పేరు కూడా వినని పిల్లల చేతుల్లో ఉంది. నేను ఇరవై రెండేళ్లుగా గిటార్ పాఠాలు చెబుతున్నాను, మొదట విజయవాడలో, ఇప్పుడు హైదరాబాద్‌లో. నా దగ్గరికి వచ్చే పదిహేనేళ్ల కుర్రాడు మొదటి నెలలోనే చేసే ఎక్సర్‌సైజుల్లో సగం ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలుసు కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను.

ముందు స్వరాల సంగతి చూద్దాం, వాదనంతా ఇక్కడే ఉంది.

రాక్ గిటార్ బ్లూస్ నుంచి పుట్టింది. బ్లూస్ సోలోలో ఎక్కువగా వినిపించేది మైనర్ పెంటటోనిక్, అంటే మన శుద్ధ ధన్యాసి స్వరాలు: స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. అయిదే స్వరాలు. వాటి మధ్య తీగను లాగి (బెండ్ చేసి) రాబట్టే సన్నని ధ్వనుల్లోనే ఆ సంగీతం ప్రాణమంతా ఉంటుంది. హెండ్రిక్స్ అయినా, క్లాప్టన్ అయినా, జిమ్మీ పేజ్ అయినా ఎన్ని దారులు తొక్కినా తిరిగి వచ్చే ఇల్లు అదే.

ఇప్పుడు హార్మోనిక్ మైనర్ తీసుకోండి. అది అచ్చంగా మన కీరవాణి. దాని నిషాదం కాకలి నిషాదం, షడ్జమానికి అరస్వరం కిందే ఉంటుంది. ఎ మైనర్‌లో ఉన్నారనుకుంటే అది జి షార్ప్. గిటార్ చేతిలో ఉంటే ఇప్పుడే చేసి చూడండి: ఇ సెవెన్ కార్డ్ (కలిపి మోగించే కొన్ని స్వరాలని కార్డ్ అంటారు) కొట్టి, అందులో జి షార్ప్ మోగుతుండగా ఆగిపోండి. చెవి ఊరుకోదు. పక్కనే ఉన్న ఎ మీదకి వెళ్లేదాకా ఏదో టెన్షన్. బాఖ్, వివాల్డీల కాలం నాటి సంగీతం నడిచేది చాలావరకు ఈ లాగుడు మీదే. ఒక కార్డ్ ఇంకో కార్డ్‌ని పిలుస్తుంది, అది మరోదాన్ని. ఎ మైనర్, డి మైనర్, జి, సి, ఎఫ్, బి డిమినిష్డ్, ఇ, మళ్లీ ఎ మైనర్ అని ఒక చుట్టు తిరిగి రావడం వివాల్డీలో ఎన్నిసార్లు వింటామో లెక్క లేదు.

బ్లూస్‌లో ఈ పద్ధతి లేదు. అక్కడ ఒక కార్డ్ మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు, అది దాని అందం. అందువల్ల బ్లూస్ చేతులతో పెరిగిన గిటారిస్టు ఈ కార్డుల చుట్టులో పడితే, కార్డ్ మారిన ప్రతిసారీ దాని స్వరాలు వెతుక్కోవాలి. చెయ్యి కొత్తగా నేర్చుకోవాలి. క్లాసికల్ ప్రభావం ఉన్న గిటారిస్టులు చేసిన అసలు పని ఇదే. రాక్ సోలోని ఒకే పెట్టెలోంచి బయటికి తీసి కార్డులతో పాటు నడిపించారు.

ఇది మాల్మ్‌స్టీన్‌తో మొదలవలేదు. 1969 సెప్టెంబర్ 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో డీప్ పర్పుల్ బృందం రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించింది. ఆ కాన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన) రాసింది కీబోర్డ్ వాయించే జాన్ లార్డ్, ఆర్కెస్ట్రాని నడిపింది మాల్కమ్ ఆర్నల్డ్. నా ఉద్దేశంలో ఆ కచేరీ కంటే 1972లో వచ్చిన 'హైవే స్టార్' సోలో గిటార్ చరిత్రకి పెద్ద సంఘటన. ఎందుకంటే ఆర్కెస్ట్రా పక్కన నిలబడినప్పుడు రాక్ బ్యాండ్ రాక్ బ్యాండ్‌లాగే ఉంది, ఆర్కెస్ట్రా ఆర్కెస్ట్రాలాగే ఉంది. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ ఆ సోలోలో మాత్రం బాఖ్ తరహా కార్డ్ వరుసని రాక్ పాట మధ్యలోకి తెచ్చి, దాని మీద ఆర్పెజియోలు (కార్డ్ స్వరాలని ఒక్కొక్కటిగా వాయించడం) పరిచాడు. వయొలిన్ లేదు, సూటూ బూటూ లేదు, కారు గురించిన పాట. అయినా ఆ నాలుగు వరుసలు విన్నవాడికి రాక్ గిటార్ ఇంకో భాష కూడా మాట్లాడగలదని తెలిసిపోయింది. ఆ తర్వాత స్కార్పియన్స్ బ్యాండ్‌లో ఉలి జాన్ రోత్ 1977లో 'సెయిల్స్ ఆఫ్ కరాన్' వాయించాడు. అది ఇంకో అడుగు.

1978లో ఎడ్డీ వాన్ హేలెన్ 'ఇరప్షన్' వచ్చింది, మొత్తం ఒక నిమిషం నలభై రెండు సెకన్లు. అందులో వయొలిన్ విద్యార్థులందరికీ తెలిసిన క్రాయిట్జర్ రెండో ఎట్యూడ్ (సాధన కోసం రాసిన రచన) ముక్క ఒకటి ఉంది. చివర్లో రెండు చేతులతో ఫ్రెట్‌బోర్డ్ (గిటార్ మెడ మీద వేళ్లు పెట్టే పలక) మీద తట్టి వాయించే భాగం చూడండి, అది వట్టి విన్యాసం అనుకుంటారు, కానీ ఆ స్వరాలు రాసి చూస్తే కార్డులు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ పోతున్నాయి. చిన్నప్పుడు పియానో నేర్చుకున్నవాడి బుద్ధి అది.

ర్యాండీ రోడ్స్ గురించి నాకు కొంచెం ఎక్కువసేపు చెప్పాలని ఉంటుంది. వాళ్లమ్మ డెలొరెస్ నార్త్ హాలీవుడ్‌లో మ్యూజోనియా అనే సంగీత పాఠశాల నడిపేది. ర్యాండీ అక్కడే నేర్చుకున్నాడు, అక్కడే నేర్పాడు. రాక్ గాయకుడు ఆజీ ఆజ్‌బర్న్‌తో 1980లో చేసిన మొదటి ఆల్బమ్‌లో 'డీ' అని అమ్మ కోసం వాయించిన చిన్న క్లాసికల్ గిటార్ ముక్క ఉంది, నిమిషం కూడా ఉండదు. అదే ఆల్బమ్‌లోని 'మిస్టర్ క్రౌలీ' సోలో నేను ప్రతి సంవత్సరం కనీసం నలుగురైదుగురికి నేర్పుతాను. ఆ సోలోలో గమ్మత్తు ఏమిటంటే, ప్రతి ముక్కా కింద ఉన్న కార్డ్‌తో ముడిపడి ఉంటుంది, అయినా మధ్య మధ్యలో బ్లూస్ బెండ్లు వదల్లేదు. సోలో మొత్తం ఒకసారి వాయించి, దాని మీదే అచ్చు అలాగే మళ్లీ రికార్డ్ చేసేవాడు. అంటే అది అప్పటికప్పుడు చేతికి వచ్చింది వాయించడం కాదు, కృతి నేర్చుకున్నట్టు ప్రతి స్వరం ముందే తేల్చుకున్న సంగీతం. కచేరీల కోసం ఊళ్లు తిరుగుతున్న రోజుల్లో కూడా ఎక్కడికి వెళితే అక్కడ క్లాసికల్ గిటార్ టీచర్‌ని వెతుక్కుని పాఠం చెప్పించుకునేవాడు. రాక్ జీవితం పక్కనపెట్టి క్లాసికల్ గిటార్ చదువుకోవాలని కూడా అనుకున్నాడు. 1982 మార్చి 19న ఫ్లోరిడాలో చిన్న విమానం కూలి చనిపోయాడు. ఇరవై అయిదేళ్లు. ఆజీతో చేసిన స్టూడియో ఆల్బమ్‌లు రెండే. ఆ రెండింటిని ఇప్పటికీ పాఠాల్లా చదువుతున్నాం.

ఇక మాల్మ్‌స్టీన్. మీ డ్రమ్మర్ వాదన ఇక్కడే చిక్కులో పడుతుంది. 1970 సెప్టెంబర్ 18న హెండ్రిక్స్ చనిపోయినప్పుడు స్వీడన్ టీవీలో అతను గిటార్ తగలబెట్టే దృశ్యం చూపించారని, అప్పుడు ఏడేళ్లవాడైన తాను ఆ రోజే గిటార్ పట్టుకున్నానని మాల్మ్‌స్టీన్ ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు. తర్వాత బ్లాక్‌మోర్‌ని విన్నాడు, ఆ దారిలో బాఖ్ దాకా వెళ్లాడు. గిడాన్ క్రేమర్ అనే వయొలిన్ విద్వాంసుడు టీవీలో పగనీనీ కాప్రీసులు (వయొలిన్ ఒక్కటే వాయించే చిన్న రచనలు) వాయిస్తుంటే విని, ఆ వయొలిన్ తీరుని గిటార్ మీదకి తేవాలని కూర్చున్నాడు. అంటే హెండ్రిక్స్‌ని ఒక పక్క, వీళ్లని ఇంకో పక్క నిలబెట్టి తూకం వేయడమే పొరపాటు. ఒకరి నుంచి ఇంకొకరు వచ్చారు.

1983లో అమెరికా వచ్చాడు, ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. 1984లో 'రైజింగ్ ఫోర్స్' వచ్చింది. ఎనిమిది ట్రాకుల్లో ఆరు పూర్తిగా వాద్య సంగీతమే. అయినా అది అమెరికాలో బిల్‌బోర్డ్ జాబితాలో అరవయ్యో స్థానం దాకా వెళ్లింది, గ్రామీకి నామినేట్ అయింది. (మీ డ్రమ్మర్‌కి ఈ సంగతి చెప్పండి: అందులో డ్రమ్స్ వాయించింది జెత్రో టల్ బ్యాండ్ మాజీ డ్రమ్మర్ బారీమోర్ బార్లో. ఒకసారి డ్రమ్స్ కోసమే వినమనండి.)

ఈ ఆల్బమ్‌తో నాకున్న సంబంధం చెప్పకపోతే సమాధానం పూర్తవదు. 1999లో మేం విజయవాడ సత్యనారాయణపురంలో ఉండేవాళ్లం. ఇంజినీరింగ్ చదివే సీనియర్ ఒకరు కాపీ చేసిచ్చిన క్యాసెట్‌లో 'బ్లాక్ స్టార్' ఉంది. రోజూ రివైండ్ చేసి చేసి వినడమే పని. మా వెనక వాటాలో ఒక వీణ టీచరుగారు ఉండేవారు, అప్పటికే అరవై దాటాయి. ఒక సాయంత్రం ఆవిడ గుమ్మంలోకి వచ్చి "ఇది కీరవాణి కదా నాయనా, ఎవరు వాయిస్తున్నారు?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. కూర్చుని రెండుసార్లు విన్నారు. ఒకచోట చెయ్యెత్తి ఆపమని, "ఇదిగో, ఇక్కడ పంచమాన్ని షడ్జమం చేసుకున్నాడు, వకుళాభరణం అయింది" అన్నారు. పాశ్చాత్యులు ఫ్రిజియన్ డామినెంట్ అనేది దాన్నే అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కీరవాణిలో పంచమాన్ని ఆధారం చేసుకుని గ్రహభేదం చేస్తే వకుళాభరణమే వస్తుంది, సరిగ్గా అదే పని మాల్మ్‌స్టీన్ పాట పాటకీ చేస్తాడు.

అంతటితో ఆగలేదు. "ఏదీ, నువ్వు వాయించు" అన్నారు. నాకు వచ్చిన వేగమంతా చూపించాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఆ పరుగు సరే, చివర్లో అతను ఒక స్వరం మీద నిలబడ్డాడు చూడు, అది ఒక్కటి వాయించు" అన్నారు. వాయించాను. చచ్చుగా మోగింది. అప్పుడు లోపలికి తీసుకెళ్లి వీణ ముందు కూర్చుని, ఒక మెట్టు మీద వేలుంచి తీగను పక్కకి లాగి వదిలి, లాగి వదిలి, ఆ ఒక్క స్వరాన్నే ఎంతసేపు ఊపారో. మైనంలో పొదిగిన ఇత్తడి మెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి వేలు కింద చెక్కకి తగలదు, తీగ ఎంత కావాలంటే అంత వస్తుంది. నేను ఆ రోజు కళ్లారా చూసింది అది.

మాల్మ్‌స్టీన్ గిటార్ ఫ్రెట్‌బోర్డ్ చూశారా? ఫ్రెట్‌కీ ఫ్రెట్‌కీ (మెట్టుకీ మెట్టుకీ) మధ్య చెక్కని లోతుగా గీకేసి ఉంటుంది, స్కాలప్ చేయడం అంటారు. వేలి కొనకి చెక్క తగలదు, తీగ మాత్రమే. వీణ మెట్ల దగ్గర జరిగేదే అక్కడా జరుగుతుంది. అతను దాన్ని వీణ నుంచి తీసుకోలేదు, పాత కాలపు ల్యూట్ ఒకటి బాగుచేతకి వస్తే చూశానని చెప్పాడు, బ్లాక్‌మోర్‌కీ అలాంటి గిటారే ఉండేది. కానీ 1970ల్లో మన సంగీతాన్నీ జాజ్‌నీ కలిపిన శక్తి బృందం కోసం జాన్ మెక్‌లాఫ్లిన్ చేయించుకున్న గిటార్‌కి ఫ్రెట్‌బోర్డ్ గీకించింది మాత్రం గమకాల కోసమే. దారులు వేరు, వేలికి దొరికింది ఒకటే.

అందుకే మాల్మ్‌స్టీన్‌ని వేగం మనిషి అంటే నాకు బాధ కలుగుతుంది. అతని చెయ్యి నిలబడినప్పుడు వినండి. ఆ వైబ్రాటో (స్వరాన్ని ఊపే తీరు) వయొలిన్‌ది, ఆ బెండ్ హెండ్రిక్స్‌ది, ఆ స్వరం బాఖ్ కార్డ్‌ది. మూడూ ఒకే వేలి కింద ఉన్నాయి. అతన్ని కాపీ కొట్టిన వందలమంది వేగం పట్టుకున్నారు, ఇది వదిలేశారు.

ఇప్పుడు రెండో సంగతి, నేర్పే పద్ధతి, దాంతోపాటే సాధన. దీన్ని ఎవరూ చర్చించరు కానీ నాకు ఇదే అన్నిటికంటే పెద్దది. అరవైల దాకా రాక్ గిటార్ నేర్చుకోవడం అంటే రికార్డ్ విని చెయ్యి కలపడమే. 1977లో హాలీవుడ్‌లో గిటార్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మొదలైంది, పేరులోనే ఉంది చూడండి. 1980లో మైక్ వార్నీ కాలిఫోర్నియాలో ష్రాప్నెల్ రికార్డ్స్ పెట్టాడు. గిటార్ ప్లేయర్ పత్రికలో పేరు తెలియని కుర్రాళ్ల టేపులు విని పరిచయం చేసే శీర్షిక కూడా ఆయనే నడిపాడు. మాల్మ్‌స్టీన్ స్టాక్‌హోం నుంచి పంపిన టేప్ ఆయన చేతిలోనే పడింది. తర్వాత రేసర్ ఎక్స్ బ్యాండ్‌లో పాల్ గిల్బర్ట్, టోనీ మెకల్‌పైన్, విన్నీ మూర్, కకాఫనీ బ్యాండ్‌లో మార్టీ ఫ్రీడ్‌మన్, జేసన్ బెకర్, అందరూ ఆ గూటి పక్షులే. మెకల్‌పైన్ అయితే 1986 ఆల్బమ్‌లో గిటార్ పక్కన పెట్టి షోపాన్ ప్రెల్యూడ్ పియానో మీద వాయించాడు, చిన్నప్పటి నుంచి నేర్చుకున్న విద్య అది.

వీళ్ల సంగీతాన్ని చెవితో పట్టుకోవడం కష్టం. అందువల్ల పత్రికలు టాబ్ (ఏ తీగ మీద ఏ ఫ్రెట్ నొక్కాలో చూపే రాత) రాసి అచ్చు వేశాయి, పాఠాల వీడియో క్యాసెట్లు వచ్చాయి, తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని గంటల తరబడి కూర్చునే అలవాటు వచ్చింది. వయొలిన్, పియానో విద్యార్థులకి రెండువందల ఏళ్లుగా ఉన్న ఎట్యూడ్ సంప్రదాయం రాక్ గిటార్‌కి దొరికింది అప్పుడే. ఈ రోజు మన పిల్లలు ఫోన్‌లో స్లో చేసి చూసే పాఠాలన్నీ ఆ దారిలో వచ్చినవే.

ఇలాంటిది చరిత్రలో ఇంతకుముందు జరగలేదా అంటే జరిగింది. పగనీనీ ఇరవై నాలుగు కాప్రీసులు 1820లో అచ్చయ్యాయి. అప్పట్లోనూ ఇదే విమర్శ, గారడీ అని. 1832లో పారిస్‌లో పగనీనీ కచేరీకి ఇరవై ఏళ్ల పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ వెళ్లాడు. అది విన్నాక పియానో మీద అలాంటి పని చేయాలని గంటల కొద్దీ సాధనలో కూర్చున్నాడు. పియానో వాయించే తీరే మారిపోయింది. ఆ చివరి కాప్రీస్‌లోని చిన్న రాగం మీద బ్రామ్స్ రాశాడు, 1934లో రఖ్మనినోవ్ రాశాడు. పగనీనీని బేతొవెన్‌తో సమానమైన స్వరకర్త అని ఎవరూ అనరు. కానీ అతను లేకపోతే వయొలిన్ చరిత్రా పియానో చరిత్రా ఇలా ఉండవు. మాల్మ్‌స్టీన్ తరానికి నేను అడిగే చోటు సరిగ్గా అదే, అంతకు మించి అడగను.

మన దగ్గర దగ్గరి ఉదాహరణ కావాలంటే పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్. ఎలక్ట్రిక్ మాండలిన్‌కి కర్ణాటక కచేరీలో చోటేమిటి అన్నవాళ్లు మొదట్లో చాలామంది. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించేనాటికి ఆయనకి పద్నాలుగేళ్లు. వేగం గురించి అందరూ మాట్లాడారు, కానీ ఆయన తేల్చింది వేరే విషయం: చిన్న మెడ, పొట్టి తీగలు ఉన్న వాద్యం మీద గమకం పలుకుతుందని. ఆ తర్వాత ఆ వాద్యం పట్టుకున్న ప్రతివాడూ ఆయన నిలబెట్టిన దగ్గర్నుంచే మొదలుపెడుతున్నాడు.

మీ డ్రమ్మర్ పక్షాన కూడా కొన్ని చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు.

ఒకటి, వీళ్ల "క్లాసికల్" చాలా ఇరుకు. బాఖ్, వివాల్డీ, అల్బినోనీ పేరుతో తెలిసిన అడాజియో, పగనీనీ. అంతే. బాఖ్‌లో నాకు ప్రాణమైనది రెండు మూడు గొంతులు ఒకేసారి విడివిడిగా నడవడం, ఆ పని వీళ్లలో చాలా తక్కువమంది చేశారు. పైన ఒక గీత పరుగెడుతుంటే కింద కార్డులు నడుస్తాయి, అదే ఎక్కువ. మాల్మ్‌స్టీన్ 1998లో ఆర్కెస్ట్రాతో కాన్సర్టో సూట్ చేశాడు, ప్రాగ్‌లో చెక్ ఫిల్‌హార్మోనిక్‌తో రికార్డ్ చేశారు. మనసుపెట్టి చేసిన పని, నేను గౌరవిస్తాను. కానీ విన్న ప్రతిసారీ 'బ్లాక్ స్టార్'లో అయిదు నిమిషాల్లో చెప్పింది అక్కడ అంత పెద్ద ఆర్కెస్ట్రాతో చెప్పలేకపోయాడనే అనిపిస్తుంది.

రెండు, పాట. హెండ్రిక్స్, బీటిల్స్ లాంటివాళ్లు పాట అనేదాన్నే మార్చారు. వీళ్లు పాటని మార్చలేదు, వాద్యాన్ని మార్చారు. పాల్ గిల్బర్ట్ ఎంత గొప్ప పికింగ్ మనిషైనా, అతని బ్యాండ్ మిస్టర్ బిగ్‌కి 1992లో అమెరికాలో నంబర్ వన్ తెచ్చింది అకూస్టిక్ గిటార్‌తో చేతులు చరుస్తూ పాడే ఒక తేలిక పాట. జనానికి కావలసింది అది, అందులో తప్పేమీ లేదు.

మూడు, 1991 తర్వాత అమెరికాలో ఈ సంగీతానికి గిరాకీ పడిపోయిందన్న మాట నిజమే. నిర్వాణ బ్యాండ్ వచ్చింది, సోలో అంటేనే మొహం తిప్పుకున్నారు. కానీ "అక్కడితో అయిపోయింది" అనేవాళ్లు అమెరికా ఒక్కటే చూస్తున్నారు. జపాన్‌లో ఆదరణ తగ్గలేదు, మార్టీ ఫ్రీడ్‌మన్ 2003లో అక్కడికే వెళ్లి స్థిరపడ్డాడు. ఫిన్లాండ్‌లో స్ట్రాటోవారియస్, చిల్డ్రన్ ఆఫ్ బోడం అనే బ్యాండ్లు వచ్చాయి. బోడం గిటారిస్టు అలెక్సీ లైహో ఆ కీరవాణి పరుగుల్ని డెత్ మెటల్ గొంతు కింద పెట్టి వాయిస్తే కొత్త తరం మొత్తం తిరిగి గిటార్ పట్టుకుంది. సంగీత పరిశోధకులు కూడా తొంభైల మొదట్లోనే పట్టించుకున్నారు, రాబర్ట్ వాల్సర్ ఈ గిటారిస్టుల సోలోలకి స్వరలిపి రాసి బాఖ్, వివాల్డీలతో పోల్చి విశ్లేషించాడు.

నన్ను అడిగితే, ఈ మొత్తం వరుసలో సంగీతపరంగా అందరికంటే లోతున్నవాడు జేసన్ బెకర్. 1988లో 'పర్పెచ్యువల్ బర్న్' వచ్చేనాటికి పంతొమ్మిదేళ్లు. అందులో గిటార్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, నేను పైన లోటు అన్నానే, ఆ పని ఇతను మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లకే ఎఎల్ఎస్ (కండరాలు క్రమంగా పనిచేయకుండా చేసే నరాల జబ్బు) అని తేలింది. చేతులు పోయాయి, మాట పోయింది. వాళ్ల నాన్నగారు కంటి కదలికలతో అక్షరాలు చెప్పే పద్ధతి ఒకటి తయారుచేశారు, దాంతోనే స్వరాలు చెప్పి ఇప్పటికీ రాస్తున్నాడు. 2018లో ఆల్బమ్ వచ్చింది. వేళ్లు ఆగిపోయాక కూడా ఆ సంగీతం ఆగలేదంటే అది వేళ్లలో ఉన్నది కాదు. మీ స్నేహితుడి "వట్టి వేగమే" అన్న మాటకి ఇంతకంటే సమాధానం నా దగ్గర లేదు.

చివరి ప్రశ్న, ఇప్పుడు నేర్చుకోవాలా? నేర్చుకోండి, కానీ నేను మా పిల్లలకి చెప్పే వరుసలో. సినిమా పాటల రికార్డింగులకి వెళ్లినప్పుడు నాకు అన్నం పెట్టింది స్వీప్ పికింగ్ (పిక్‌ని తీగల మీద ఒకే ఊపులో జార్చి వాయించడం) కాదు, కార్డ్ మారినప్పుడు దాని స్వరాలు వెంటనే చేతికి రావడం. అది నేర్పింది ఈ సంగీతమే.

మొదట కీరవాణి పాడండి, వాయించొద్దు, పాడండి. కాకలి నిషాదం దగ్గర ఆగి షడ్జమం కోసం చెవి ఎలా లాగుతుందో గమనించండి. తర్వాత మూడు తీగల ఎ మైనర్ ఆర్పెజియో: మూడో తీగ తొమ్మిదో ఫ్రెట్, రెండో తీగ పదో ఫ్రెట్, మొదటి తీగ ఎనిమిది, పన్నెండు, మళ్లీ వెనక్కి. పిక్ ఒక్కో తీగని విడిగా కొట్టకుండా, పై నుంచి కిందికి ఒకే కదలికలో జారాలి, తలుపు మీద చెయ్యి జార్చినట్టు. కుడిచేతి వేగం కాదు చూసుకోవలసింది, ఎడమచేతి వేళ్లు ఒక్కోటి వాయించిన వెంటనే ఎత్తుతున్నారా లేదా అన్నది. ఎత్తకపోతే మూడు స్వరాలూ కలిసి కార్డ్‌లాగా మోగి మురికిగా వినిపిస్తుంది. మెట్రోనోమ్ అరవైలో పెట్టి, బీట్‌కి రెండు స్వరాల చొప్పున వారం రోజులు. విసుగొస్తుంది, రానివ్వండి. డిమినిష్డ్ ఆర్పెజియో తర్వాత వారం మొదలుపెట్టండి, అది సులువు, ఒక షేప్ పట్టుకుని మూడు ఫ్రెట్లు జరిపితే మళ్లీ అవే నాలుగు స్వరాలు వస్తాయి.

ప్రతి రోజూ సాధన చివర్లో పది నిమిషాలు ఒకే ఒక్క స్వరం మీద వైబ్రాటో చేయండి. రెండో తీగ పదో ఫ్రెట్ తీసుకోండి, మణికట్టు నుంచి తిప్పండి, వేలి కొనతో కాదు. ఊపు సమానంగా ఉందో లేదో ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. ఫ్రెట్‌బోర్డ్ గీకించుకోవాలని ఇప్పుడే అనుకోకండి, మామూలు గిటార్ మీద ఈ పది నిమిషాలు ఆరు నెలలు చేశాక అప్పుడు చూద్దాం. ఆర్పెజియోలో ఏ తీగ దగ్గర మురికి వస్తోందో రాస్తే ఇక్కడే చెబుతాను.